ఒకటిన్నర గడి

రూబీ అక్క కుర్చీలో కూర్చునే పద్ధతి వేరుగా ఉండేది. మేమంతా వచ్చి కుర్చీలో పడేవాళ్ళం. ఆమె ముందు కుర్చీ వీపు మీద ఒక చెయ్యి వేసి అది జారకుండా చూసుకునేది. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన పాత చీర ముక్క తీసి నడుము ఆనే చోట పెట్టేది. తర్వాత రెండు చేతుల మీద బరువు ఆపి, గాజు సామాను కింద పెడుతున్నట్టు తనను తాను నెమ్మదిగా దించుకునేది. మొదటి రోజు అది చూసి పక్క సీటు పింకీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంజనీరింగ్ రెండో ఏడులో వదిలేసి వచ్చినవాణ్ణి, అప్పటికి నాకు నడుము అనేది ఒకటుంటుందనే తెలియదు.

ఆమెకు నలభై మూడేళ్ళు. ఇల్లు బోరబండ రైల్వే స్టేషన్ వెనక. పదహారో ఏట మగ్గం పనికి కూర్చుంది. మగ్గం అంటే చీరలు నేసేది కాదు. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగదీసి కట్టి, నేల మీద కూర్చుని, వంగి, కొక్కెం సూదితో జరీ, పూసలు కుట్టే పని. పెళ్ళిళ్ళ బ్లౌజుల మీద నెమళ్ళు, మామిడి పిందెలు దిగేది అక్కడే. రూబీ అక్క ఆ పనిలో కాగితాలు పొడిచే మనిషి. పలచటి కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో సన్నగా చిల్లులు పొడవాలి. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో తడిపిన తెల్ల పొడిని దూదితో రుద్దితే చిల్లుల్లోంచి చుక్కలు బట్ట మీదికి దిగుతాయి. ఆ చుక్కల మీద మిగతావాళ్ళు కుడతారు. బోరబండలో ఎనిమిది మగ్గాలు ఆమె కాగితాలతోనే నడిచేవి.

తర్వాత ఒక దుకాణం యజమాని ఆమె కాగితాలన్నీ నెల రోజులకని తీసుకుపోయి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కుట్టు యంత్రాలు వచ్చాయి. కాగితాలైతే తిరిగొచ్చాయి గానీ వాటి పని తిరిగి రాలేదు. ఆమె కూడా మిగిలిన ఆడవాళ్ళతో పాటు వంగి పూసలు కుట్టే పనికి దిగింది. రెండేళ్ళు కుట్టింది. ఒకరోజు మగ్గం ముందు నుంచి లేవబోతే ఎడమ కాలు లేవలేదు.

దవాఖానాలో డాక్టరు ఫొటో చూపించి ఒకటే మాట చెప్పాడట. నడుములో నరం నలిగింది, ఇప్పుడైతే కాలు దక్కింది, మళ్ళీ నేల మీద వంగి కూర్చుంటే మాత్రం ఈసారి దక్కదు, కుర్చీలో కూర్చుని చేసే పని చూసుకో అని. పదో తరగతి తప్పిన ఆడమనిషికి ఈ ఊళ్ళో కుర్చీ ఎవరు వేస్తారు? చర్చి ఆడవాళ్ళు నడిపే చోట ఆరు నెలలు మౌస్ పట్టడం నేర్చుకుంది. మాదాపూర్‌లో అద్దాల మేడల వెనక సందులో మా కంపెనీ ఉంది. వాళ్ళకి చేతులు కావాలి, అందుకని తీసుకున్నారు. మొదటి వారమే ఆమె నాతో అంది.

"నాకిది నౌకరి గాదు అనిల్. నా ఎడమ కాలు ఈ కుర్చీల ఉన్నది."

మా పని చెప్పుకోవడానికి ఏమీ లేదు. రోడ్డు మీద తీసిన వీడియోలు వస్తాయి, అందులో కనిపించే ప్రతి కారు చుట్టూ, బండి చుట్టూ, మనిషి చుట్టూ పెట్టె గీయాలి. డ్రైవరు లేని కార్లకు చూడటం నేర్పడానికట. ఆమె చేరిన నెలకే ఆ పని తగ్గి, ఒక వింత పని వచ్చింది. ఆకాశం ఫొటోలు.

దాని గురించి చెప్పడానికి కెజియా అనే అమ్మాయి వచ్చింది. కోస్తా పిల్ల. గోపన్‌పల్లిలో గది తీసుకుని నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. పన్నెండు మందిని ముందు కూర్చోబెట్టి తెర మీద ఒక బొమ్మ వేసింది. నల్లటి ఆకాశంలో ఆకుపచ్చగా, ఎర్రగా వెలుగుతున్న రింగు.

"దీన్ని గ్రహ నీహారిక అంటారండి. గ్రహాలతో దీనికి ఏ సంబంధమూ లేదు. పాత దుర్బిన్లలో గుండ్రంగా గ్రహంలా కనబడిందని ఎవరో పెట్టిన పేరు, అలా ఉండిపోయింది. మన సూర్యుడి లాంటి నక్షత్రం చచ్చిపోయేటప్పుడు పైపొరల్ని ఊదేస్తుంది. ఆ గాలి బుడగే ఇది. ఇంకా ఉబ్బుతూనే ఉంది."

"మరి మేమేం జెయ్యాలె మేడం? పెట్టె గియ్యాల్నా?" అన్నాడు మా ఫ్లోర్ చూసే ఓంకార్.

"ఇది ఎంత దూరంలో ఉందో కనుక్కోవాలండి. అదే కష్టం. వీటి దూరాలు సరిగ్గా తేలవు. ఇప్పుడు చూడండి, ఇంటి ముందు బస్సు సర్రున పోతుంది. దూరంగా అవుటర్ రింగు రోడ్డు మీద లారీ కూడా అంతే వేగంగా పోతున్నా, పాకుతున్నట్టే ఉంటుంది. అవునా అండి? దాని అసలు వేగం తెలిసి, మన కంటికి ఎంత మెల్లగా జరుగుతోందో కొలవగలిగితే, ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. ఈ బుడగ సెకనుకి ఎన్ని కిలోమీటర్లు ఉబ్బుతోందో దాని వెలుగుని విడగొట్టి తెలుసుకున్నాం. మన కంటికి ఎంత ఉబ్బిందో మీరు చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందటి ఫొటో, ఇప్పటి ఫొటో, రెండూ ఇస్తాం. రెండింట్లోనూ అంచు వెంబడి నలభై చుక్కలు పెట్టండి."

"ఇరవై ఏండ్లల్ల ఎంత పెరుగుతదమ్మా?" అంది రూబీ అక్క.

కెజియా ఫొటోను పెద్దది చేస్తూ పోయింది. రింగు పోయి పొగ మిగిలింది, పొగ పోయి చతురస్రపు గడులు మిగిలాయి.

"ఇలాంటి గడి ఒకటి. బాగా పెరిగితే ఒకటిన్నర."

"ఓస్, గంతేనా?" అన్నారెవరో. రూబీ అక్క మాత్రం కళ్ళు చిన్నవి చేసుకుని తెర వైపే చూస్తోంది.

"ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. కొత్త ఫొటో మీద గీసేటప్పుడు పాతది చూడొద్దు. మొదటిసారి చూస్తున్నట్టే గీయండి," అని కెజియా వెళ్ళిపోయింది.

మేము ఆ మాట విన్నాం. విని, మూడేళ్ళుగా ఏం చేస్తున్నామో అదే చేశాం.

కార్ల వీడియోలో ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య కారు జరిగేది కొంచెమే. ప్రతిసారీ కొత్తగా పెట్టె గీస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకని కంట్రోల్ డి కొడితే ముందు బొమ్మలో గీసింది అచ్చంగా తర్వాతి బొమ్మ మీదికి వచ్చేస్తుంది. కాస్త అటూ ఇటూ జరిపి ముందుకు పోతాం. అది దొంగ పని కాదు, మాకు నేర్పిన పనే. అలవాటు పడ్డ వేళ్ళు నీహారికల దగ్గరికి వచ్చాక ఆగలేదు. పాత ఫొటో మీద నలభై చుక్కలు పెట్టు, కంట్రోల్ డి, ఎంటర్. చుక్కలు అప్పటికే అంచుకి దగ్గరగా ఉంటాయి కాబట్టి కంటికి తప్పు కనబడదు. ఎక్కడైనా ఒకటి రెండు చుక్కలు జరిపితే చాలనిపిస్తుంది. ఒక్కో నీహారికకి వేరువేరు రంగుల్లో తీసినవి ఆరు జతలు వస్తాయి, రోజుకి పదిహేను జతలు చెయ్యాలి. నేను భోజనం వేళకే ముగించేవాణ్ణి.

రూబీ అక్క సాయంత్రం దాకా తల ఎత్తేది కాదు. చాయ్‌కి లేచేది కాదు. ఆమె కార్ల మీద పని చేసింది నెల రోజులే, కంట్రోల్ డి ఆమె వేళ్ళకి ఎక్కలేదు. ప్రతి ఫొటో మీదా కొత్తగా నలభై చుక్కలు, చిల్లులు పొడిచినట్టు ఒక్కొక్కటే.

కంపెనీలో ఎవరి పని ఎవరూ చూడరు. కంప్యూటర్ ముగ్గురిని ఒక జట్టుగా కట్టి ఒకే ఫొటోలు ఇస్తుంది. నీ జట్టులో ఎవరున్నారో నీకు చెప్పదు. శుక్రవారం నాడు, మిగిలిన ఇద్దరితో నీ గీత ఎంత కలిసిందో లెక్కగట్టి మ్యాచ్ స్కోర్ వేస్తుంది. ఇద్దరు ఒకలా గీసి నువ్వొక్కడివి వేరేలా గీస్తే నువ్వు తప్పు. మొదటి వారం లెక్కలోకి రాదు. ఆ తర్వాత వరసగా మూడు వారాలు ఎనభైకి తగ్గితే గేటు కార్డు చచ్చిపోతుంది. కార్ల పనికి ఇది మంచి పద్ధతే. కారు ఎక్కడుందో ముగ్గురికీ కనబడుతుంది.

లెక్కలోకి వచ్చిన మొదటి శుక్రవారం రూబీ అక్కకి అరవై ఒకటి వచ్చింది. నాకు తొంభై ఆరు.

మర్నాటి భోజనం వేళ ఆమె కిటికీ దగ్గర నిలబడి జొన్నరొట్టె తింటోంది. క్యాంటీన్ బల్ల మీద కూర్చుంటే నడుము పట్టేస్తుందని నిలబడే తినేది.

"నీ పనే నయం పోరగా. నాకు చాతనైతలేదో ఏమో," అంది. "పొద్దున ఒకటొచ్చింది జూడు. కొరికి ఇడిసిన రొట్టె తీరుగ, ఎడమదిక్కు పైన ముక్క లేదు. గా కొరికిన కాడ అంచు మస్తు జరిగింది. ఒకటిన్నర గడి. నేను మూడుసార్లు తుడిపేసి మళ్ళ పెట్టిన. మూడుసార్లూ గంతే వచ్చింది."

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ కొరికిన రొట్టెను పొద్దున నేనూ చేశాను. నాలుగు నిమిషాల్లో.

"ఏంది, గట్ల జూస్తున్నవ్?"

"ఏం లేదక్కా. నాకు... నాకు అట్లాంటిది రాలేదు."

సీటు దగ్గరికి వచ్చి పింకీ చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాగి అడిగాను. పింకీ నిజాంపేట హాస్టల్లో ఉంటుంది, మా ఫ్లోర్ మీద ఆమె కన్నా వేగంగా చేసేవాళ్ళు లేరు.

"కొరికిన రొట్టె లాంటిది ఒకటి వచ్చిందా నీకు?"

"ఎడమ పక్క కొరికింది? వచ్చింది. కంట్రోల్ డి, ఎంటర్. ఏంది, దానికి బారసాల చేస్తున్నవా?"

అంతే. ఆమె జట్టులో మిగిలిన ఇద్దరమూ మేమే. ఆమె కార్డును చంపుతున్నది పింకీ, నేను.

చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళి తెలివైనవాడిలా సలహా ఇచ్చాను.

"అక్కా, కంట్రోల్ డి కొట్టు. పాత చుక్కలే వచ్చి పడతాయి. అందరం అదే చేస్తున్నాం. స్కోరు అదే పెరుగుతది."

ఆమె మౌస్ వదిలి నా వైపు తిరిగింది. మెడ ఒక్కటే తిప్పలేదు, నడుము కోసం కుర్చీతో సహా తిరిగింది.

"ఒకపాలి గిట్లనే జేసిన. పెండ్లిపిల్ల బ్లౌజు. రెండు దినాలు మగ్గం మీద ఉంటే బట్ట సాగుతది గద. సగం పువ్వు కుట్టినంక చుక్కలు చెరిగినయి. మళ్ళ కొలిచి కొత్త కాగితం పొడవాలె. నాకు బద్ధకమై పాత కాగితమే ఏసి రుద్దిన. పువ్వు కింది సగం ఒకదిక్కు, పై సగం ఒకదిక్కు వచ్చింది. షాపాయన నా మొఖం మీద ఇసిరి కొట్టిండు. ఇరవై రెండేండ్లయింది, ఇంక యాదున్నది." తెర వైపు చెయ్యి చూపింది. "ఇది గూడ సాగిందే గదరా. సాగిందో లేదో చెప్పుమని గదా ఆ పిల్ల అడిగింది? పాత కాగితం ఏసి రుద్దితే సాగలేదనే వస్తది."

"నువ్వు చెప్పేది కరెక్టే అక్కా. కానీ స్కోరు?"

"ఆ ఇద్దరు ఎవరో గని, ఒక్క తీరుగ గీస్తున్నరు. వాళ్ళకు నాకు పడతలేదు." నవ్వింది. "ఆ పిల్ల చదువుకున్న పిల్ల. జూస్తది."

రెండో శుక్రవారం యాభై తొమ్మిది. ఓంకార్ ఆమె సీటు దగ్గరికి వచ్చాడు. ఓంకార్ చెడ్డవాడేం కాదు, తప్పంతా ఒక మనిషి మీదికి తోసేయాలంటే నాకు అతను దొరకడు.

"అక్కా, నీ మీద నాకు కోపం లేదు. అదంతా కంప్యూటర్ చేతుల ఉన్నది. ఇంకో వారం గిట్లనే వస్తే కార్డు దానంతట అదే బంద్ అయితది. నేను ఆపుదామన్నా ఆగదు."

"ఓంకార్ బాబు, ఆ కెజియా మేడంను ఒక్కపాలి పిలువు. నేను గీసింది, అవుతలోళ్ళు గీసింది పక్కపక్కన పెట్టి జూడుమను. అయిదు నిమిషాల పని."

"క్లయింట్‌కు మనమే ఫోన్ జేసి, మా ఫ్లోర్ల పని తేడా ఉన్నది అని చెప్పాల్నా? రేపు మొత్తం ప్రాజెక్టు గుంజుకుంటరు. పన్నెండు మందికి పనుండదు." గొంతు తగ్గించాడు. "జర నా మాట ఇను. అందరు జేసినట్టు జెయ్యి. ఒక్క వారం."

ఆ సోమవారం నుంచి నేను కంట్రోల్ డి మానేశాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు, జరిగింది చదివితే మీకే తెలుస్తుంది. నా లెక్క సులువు. జట్టులో నేను నిజంగా గీస్తే ఇద్దరం ఒకవైపు, పింకీ ఒకవైపు. అప్పుడు అక్క స్కోరు పెరుగుతుంది. పింకీకి ఒక్క వారం తగ్గినా ఏం కాదు.

మొదటి ఫొటో పెద్దది చేసి కూర్చున్నాను. అంచు ఎక్కడుంది? దూరంనుంచి చూస్తే కత్తితో కోసినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే వెలుగు సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ చీకట్లో కలిసిపోతుంది. ఎక్కడ ఆపాలి? ఒకచోట వెనక నుంచి వేరే నక్షత్రం మెరుస్తుంటే అదే అంచనుకుని దాని మీద చుక్క పెట్టాను. ఒకచోట పొగ పలచబడిన దగ్గర రెండు గడులు బయటికి పోయాను. తుడిపేసి మళ్ళీ పెడితే చుక్క ఇంకోచోట పడింది. మూడోసారి మూడో చోట. ఆమె చేతికి మూడుసార్లూ ఒకే చోట పడింది. నావి మూడూ వేరే. ఇరవై ఏళ్ళకు పైగా చిల్లులు పొడిచిన చెయ్యికీ, మూడేళ్ళు ఒకే మీట నొక్కిన వేలికీ ఉన్న తేడా అక్కడ గడుల లెక్కన కనబడుతోంది.

ఆమె సీటు నాకు ఆరు అడుగుల దూరం. వెళ్ళి, అక్కా నాకు అంచు కనబడటం లేదు, నువ్వెలా చూస్తున్నావో చూపించు అని అడిగితే అయిపోయేది. కానీ ఎందుకురా అని అడుగుతుంది. అప్పుడు ఆ ఇద్దర్లో ఒకణ్ణి నేనని చెప్పాలి. ఐదు రోజులు ఆ ఆరు అడుగులు నేను దాటలేదు.

గురువారం మధ్యాహ్నం నేను నీళ్ళ కోసం ఆమె వెనక నుంచి పోతుంటే ఆమె ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఉంది. కంట్రోల్ డి కొట్టింది. పాత చుక్కలు వచ్చి కొత్త ఫొటో మీద పడ్డాయి. వెలుగు అంచు ఆ చుక్కలు దాటి సన్నటి చారలా బయటికి కనబడుతోంది, ఆమె తెర మీద నాకూ కనబడింది. చూపుడు వేలు ఎంటర్ మీద పెట్టి చాలాసేపు ఉంది. తర్వాత నలభై చుక్కలూ ఒక్కొక్కటిగా తుడిపేసి మొదటి నుంచి పెట్టడం మొదలుపెట్టింది.

శుక్రవారం స్కోర్లు వచ్చాయి. నాకు యాభై ఎనిమిది. పింకీకి అరవై మూడు. రూబీ అక్కకి యాభై నాలుగు. నా గీత పింకీతో కలవలేదు, అక్కతోనూ కలవలేదు. ముగ్గురిదీ మూడు దారులైంది. నేను నిజాయితీగా చేసిన ఒక్క వారం ఆమె స్కోరు ఇంకో ఐదు తగ్గింది.

"నీకేమైందిరా? నా స్కోరు నాశనం జేసినవ్!" అని పింకీ వీపు మీద గుద్దింది. జట్టు సంగతి అప్పటికి దానికీ అర్థమైంది.

సోమవారం పొద్దున గేటు దగ్గర వరసలో ఆమె నాకు నలుగురి ముందుంది. కార్డు పెట్టింది. ఎర్ర లైటు. కార్డును చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటు. అటు తిప్పి పెట్టింది. సెక్యూరిటీ రామాంజనేయులు, "అమ్మా, జర పక్కకు జరుగుండ్రి, వెనక మంది ఉన్నరు," అన్నాడు. ఆమె జరిగింది. మేము ఒక్కొక్కరం కార్డు పెట్టి పచ్చ లైటు మీద లోపలికి పోయాం. నా వంతు వచ్చినప్పుడు నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. ఆమె సంచిలోంచి చీర ముక్క అంచు బయటికి కనబడుతోంది.

ఆకాశం ఫొటోలు ఇంకో వారానికి అయిపోయాయి. మేము మళ్ళీ కార్ల దగ్గరికి వచ్చాం. నాకూ, పింకీకీ మళ్ళీ తొంభై దాటింది.

ఐదు నెలల తర్వాత కెజియా వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఓంకార్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, నిలబడే మాట్లాడింది.

"రెండు వందల నలభై నీహారికలండి. దాదాపు అన్నీ మన గెలాక్సీ అవతలి అంచులో ఉన్నట్టు వచ్చాయి. కొన్ని అసలు గెలాక్సీయే దాటిపోయాయి. టెలిస్కోపులో లోపమనుకుని రెండు నెలలు వెతికానండి. తర్వాత ఎవరు గీసినవి వాళ్ళవి విడగొట్టి చూశాను. వీటిల్లో కొన్నింటి దూరాలు వేరే పద్ధతిలో ముందే కొలిచి ఉన్నాయి. వాటితో పోలిస్తే ఒక్కళ్ళ గీతలు మాత్రమే కలిశాయి. పదిహేడో నంబరు. ఆయనెవరండి?"

ఓంకార్ తన కంప్యూటర్ వైపు తిరిగాడు. "ఆ ఐడీ ఇప్పుడు యాక్టివ్ లేదు మేడం."

"అదేంటండి, ఎందుకని?"

"స్కోర్ తక్కువొచ్చిందని."

కెజియా అతన్ని చూసింది, నన్ను చూసింది. నేను లేచాను. "ఇల్లు నాకు తెలుసు," అన్నాను.

బోరబండ సందులో ఆటో ఒక దగ్గర ఆగిపోయింది, మిగతాది నడిచాం. తలుపు తీసే ఉంది. ఒకటే గది. గోడ మీద వాక్యం రాసిన చర్చి క్యాలెండర్. గది నిండా మగ్గం. దాని ముందు నేల మీద రూబీ అక్క, వంగి. యంత్రం కుట్టిన బ్లౌజుల మీద యంత్రానికి చేతకాని పూసలు కుడుతోంది. కుడి కాలు మడిచి ఉంది. ఎడమ కాలు మగ్గం కింద తిన్నగా చాపి ఉంది, ఎవరో తెచ్చి అక్కడ మరిచిపోయిన వస్తువులా.

"వందనాలండి," అంది కెజియా క్యాలెండర్ చూసి.

"వందనాలమ్మా. చుక్కల మేడం గదా?" కళ్ళు నా మీదికి వచ్చాయి. "అనిల్, మేడంకు ఆ స్టూలియ్యి. నేను లేవలేను గని."

కెజియా స్టూలు మీద కూర్చోలేదు. నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్‌ను మగ్గం కర్ర మీద పెట్టి తెరిచింది. రూబీ అక్క సూదిని బట్టలో గుచ్చి ముందుకు వంగింది.

"కొరికిన రొట్టె!" అంది. ఆ ఇంట్లో ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే. "ఎంత దూరమొచ్చిందమ్మా?"

"మూడు వేల నాలుగు వందల కాంతి సంవత్సరాలండి. అంటే ఈ వెలుగు అక్కడ బయల్దేరి అన్నేళ్ళయింది. మీ గీతతో వచ్చిన లెక్క ఇది."

"అవుతలోళ్ళ గీతతోటి?"

"అరవై ఎనిమిది వేలు."

"ఒకటిన్నర గడికా?"

"ఒకటిన్నర గడికేనండి."

ఆమె కాసేపు ఆ బొమ్మను చూసింది. "మరి మూడు వేల నాలుగు వందలు అంటే, అచ్చం గంతేనా? అటు ఇటు ఏమన్న ఉంటదా?"

కెజియా కొంచెం సిగ్గుపడింది. "ఐదొందలు అటూ ఇటూ ఉంటుందండి. మనకి కనబడే వెలుగు అంచు లోపలి గాలి కన్నా కాస్త ముందు పరిగెడుతుంది. ఎంత ముందో అంచనా కట్టాలి. ఇంతకన్నా దగ్గరికి రావడం కష్టం."

"ఐదొందలా! అబ్బ, మీ పని నయమమ్మా. నేను దారమంత తేడా వస్తే బ్లౌజు మొత్తం ఇప్పుకుంట గూసునేదాన్ని." తర్వాత గొంతు మారింది, జాగ్రత్తగా అడిగింది. "నేను గీసినయి ఎన్ని?"

"యాభై ఏడండి."

"రెండు వందల నలభైల యాభై ఏడు పోతే ఇంక నూటా ఎనభై మూడున్నయి. మళ్ళ గియ్యాలె గద. నేను మౌస్ మరిచిపోలేదు. కుర్చీ ఒకటి ఉంటే సాలు."

నేను కెజియా ముఖం చూశాను. ఆ అమ్మాయికి ఆ మాట వెనక ఏముందో తెలియదు. మెచ్చుకోవడానికే వచ్చింది, మెచ్చుకుంది.

"అవసరం లేదండి, అవన్నీ అయిపోయాయి. మీరు గీసిన యాభై ఏడింటితో ఒక ప్రోగ్రామ్‌కి నేర్పించాం. మిగిలినవి అదే గీసింది. ఎంత బాగా వచ్చాయో! అచ్చం మీ చెయ్యే."

రూబీ అక్క తల ఊపింది. కెజియా వేళ్ళు మీటల మీద ఆడాయి. తెర మీద ఒక నీహారిక అంచు వెంబడి నలభై చుక్కలు వాటంతట అవే పడ్డాయి, ఒక్క క్షణంలో. ఆమె వాటిని ఒక్కొక్కటే చూసింది. ఒకచోట వెనక నక్షత్రం మెరుస్తోంది, చుక్క దాన్ని వదిలి లోపలికి పడింది.

"ఔ. గిట్లనే పెడుత నేను," అంది. నా వైపు తిరిగి, "నా కాగితాలు గూడ గిట్లనే తీస్కపోయిండు షాపాయన. నెల దినాలకని."

కెజియాకి అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ మూసింది. రాయబోయే వ్యాసంలో పేరు పెడదామనుకున్నానని, కంపెనీతో ఉన్న ఒప్పందంలో నంబరు తప్ప పేరు వాడకూడదని ఉందని, పదిహేడో నంబరుకి కృతజ్ఞతలని వేస్తానని చెప్పింది. "సరే అమ్మా," అంది ఆమె. కెజియా ఫోన్ మోగితే మాట్లాడటానికి గుమ్మం బయటికి వెళ్ళింది.

గదిలో మేమిద్దరమే మిగిలాం. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"అక్కా, ఆ ఇద్దర్ల ఒకణ్ణి నేనే."

ఆమె సూదిని బట్టలోంచి లాగింది. "నాకెర్క."

"ఎట్ల?"

"రొట్టె అనంగనే నీ నోట్ల ముద్ద ఆగింది."

"మరి అడగలేదేందక్కా? తిట్టాల్సింది."

"అడుగుతవేమో అని జూసిన. నా కుర్చీ పక్కకొచ్చి, ఎట్ల గీస్తున్నవక్కా అని." పూస సూదికి ఎక్కింది, బట్టలోకి దిగింది, ఇంకొకటి ఎక్కింది. "జూసిన, జూసిన, శుక్రారం వచ్చింది."

ఆమె చాపిన కాలు మీద ఈగ వాలి పాదం దాకా నడిచింది. కాలు కదలలేదు. ఆమెకి తెలియనూ లేదు. నేను చేత్తో తోలాను.

కెజియా లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడింది, నేనూ లేచి ఆమె పక్కన నిలబడ్డాను. రూబీ అక్క తల ఎత్తకుండానే అంది.

"నాలుగింటికి బ్లౌజు ఇయ్యాలె. జర తలుపు కాడికెల్లి జరుగుండ్రి, వెలుతురు పడతలేదు."

జరిగాం.